తరుగు

ముత్తుకూరు హైస్కూలు, పదో తరగతి, మూడో పీరియడు.
బోర్డు మధ్యలో బాణం గీసి
ఇటు ఎన్నో అటూ అన్నే అన్నాను.
ఏదీ కొత్తగా పుట్టదు, ఏదీ పోదు,
చేతులు మారుతుందంతే.

చివరి బల్ల దగ్గర పెంచలమ్మ లేచింది.
"అట్టయితే టీచర్,
మా అమ్మ నలభై నాలుగు కిలోలు
యాడ దాచిపెట్టినట్టు?"

క్లాసంతా నవ్వింది.
ఆ పిల్ల నవ్వలేదు.

కండలేరు ఉప్పునీళ్ళలో కలిసే చోట
నడుములోతు బురదలో దిగి
పాదాలతో తడిమి గుల్ల ఏరుతుంది మస్తానమ్మ.
కడిగి, ఆరబోసి,
ఒక వరస సరుగుడు కట్టె, ఒక వరస గుల్ల
బట్టీ నిండా పేరుస్తుంది.
రాత్రంతా మంట.
తెల్లారితే, చిటికేస్తే చిట్లే తెల్ల సున్నం.

క్వింటా గుల్ల పోస్తే
కాటా మీద యాభై ఆరు.

బట్టీ కొని మూడు నెలలయిన ఆసామి
అంతకుముందు వడ్ల వ్యాపారం చేసినవాడు,
బస్తాకి రెండు కిలోల తరుగు తప్ప తెలియనివాడు.
"సగానికి సగం తరుగేందిమే?
రాత్రిళ్ళు ఎవురికి అమ్ముతుండావు?"
వారం కూలిలో మూడొందల ఇరవై కోశాడు.

పుస్తకంలోని మెగ్నీషియం తీగను డస్టరుతో తుడిచేశాను.
దాని స్థానంలో గుల్ల రాశాను.
కాల్షియం నలభై, కార్బన్ పన్నెండు,
మూడు ఆక్సిజన్లు నలభై ఎనిమిది.
వేళ్ళు మడిచి కూడింది పెంచలమ్మ.
నూరు.
అటువైపు సున్నం యాభై ఆరు.
"మిగతాది పొగా?"
పొగ కాదు, కంటికి ఆననిది.
నువ్వూ నేనూ ఇప్పుడు వదిలిందే.
నత్త ఏళ్ళ తరబడి నీళ్ళలోంచి
చిటికెడు చిటికెడుగా కూడబెట్టుకున్న గాలి
ఒక్క రాత్రిలో లేచి వెళ్ళిపోయింది.
దొంగ ఆకాశం, మీ అమ్మ కాదు.

తర్వాత నీటి లెక్క ఇచ్చాను.
ఎంతకీ కుదరక ఖాదర్‌బాషా
ఆక్సిజన్ కాళ్ళ దగ్గర ఓ చిన్న రెండు ఇరికించాడు.
రెండు వైపులా సరిపోయింది.
సరిపోయింది గానీ నాయనా, అవి నీళ్ళు కాదు,
తాగితే పేగులు కాలతాయి.
కింది అంకె దాని పుట్టుక, దాన్ని ముట్టుకోవద్దు.
ముందు నిలబెట్టే అంకె ఒక్కటే మన చేతిలోది.
"మా ఆసామి పద్దులో కింది అంకెలే మారతాయి టీచర్"
అంది పెంచలమ్మ, తల ఎత్తకుండానే.

శనివారం బట్టీ గోడ మీద
బొగ్గుముక్కతో తనే బాణం గీసింది.
ఆసామి చాలాసేపు చూశాడు.
"గాలికి బరువేంది?"
ఎవరినీ నమ్మక
తన చేత్తో తూచి పోసి
రాత్రంతా మంచం వేసుకుని కాపలా కాశాడు.
పొద్దున కాటా ముల్లు
యాభై ఏడు దగ్గర ఆగింది, బూడిదతో కలిపి.

కోతలు ఆగాయి.
మూడొందల ఇరవై మాత్రం రాలేదు.
"పోయినయ్యి పోయినయ్యిలే" అన్నాడట.
"ఏదీ పోదు గదా టీచర్?"
నాకు ఆ పిల్ల కళ్ళలోకి చూడబుద్ధి కాలేదు.

వేసవిలో మా బడికి ఆ సున్నమే కొట్టారు.
ఎవరికీ వినపడకుండా
గోడ గాలి పీల్చుకుంటోంది.
అరవై మంది గొంతెత్తి చదివే పాఠాల ఆవిరి తాగి
మెల్లగా మళ్ళీ గుల్లవుతోంది.
వెళ్ళిపోయిన నలభై నాలుగూ
గోడ మీదికి తిరిగొస్తున్నాయని
పెంచలమ్మకు చెబితే
అరచెయ్యి ఆనించి చూసింది.

ఈ లెక్కంతా బాగానే ఉంది.
నిన్న రేషన్ షాపు ముందు మస్తానమ్మ
మిషన్ మీద బొటనవేలు పెట్టి పెట్టి తుడుచుకుంటోంది.
సున్నం తినేసిన వేలు.
ఒక్క గీత లేదు, నున్నగా గులకరాయిలా ఉంది.
"ఇంకో వేలు పెట్టుమా" అంటున్నాడు డీలరు.
పది వేళ్ళూ అయిపోయాయి.

ఆ గీతల్ని
బాణానికి ఏ పక్కన రాయాలో
నాకింకా కుదరలేదు.